స్పితికి సైకిల్ మీద వెళ్లాలి, చిట్టీ ఇప్పుడే పాడనా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. జీతం 36,000, చిట్టీ కాక ఇంటి ఖర్చు 26,000. బ్యాంకులో 70,000 ఉంది. 20 నెలల లక్ష చిట్టీలో 8 నెలలు కట్టాను. వచ్చే జూలైలో దోస్తులతో కలిసి సామాను సైకిల్‌కే కట్టుకుని హిమాచల్ ప్రదేశ్ కొండల్లోని స్పితి లోయ తిరగాలని ఉంది. ఇప్పుడు చిట్టీ పాడితే 20,000 పోయి 80,000 చేతికొస్తుంది. ఇంకో 30,000 బ్యాంకులోంచి తీసి, రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న సైకిల్ కొనొచ్చా?

జవాబు: స్పితికి తప్పకుండా వెళ్లండి. చిట్టీ మాత్రం ఇప్పుడు పాడకండి.

పాటలో పోయే ఆ 20,000 మీకు వడ్డీ లాంటిదే. డబ్బు ఎత్తుకున్నాక కూడా 12 నెలలు కట్టాలి. బ్యాంకులో ఉన్నది మూడు నెలల ఇంటి ఖర్చుకే చాలదు. అందులోంచి 30,000 తీస్తే నెలన్నర మిగులుతుంది. ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరితే కొత్త సైకిల్‌ను సగం ధరకు అమ్ముకోవాల్సి వస్తుంది. ఆ 70,000 ముట్టుకోకండి.

ఇక సైకిల్ సంగతి. వెనక సస్పెన్షన్ ఉంటే ఫ్రేమ్ మధ్యలో బ్యాగుకు చోటు తగ్గుతుంది, రిపేరు ఖర్చు పెరుగుతుంది. మీ ప్రయాణానికి హార్డ్‌టెయిల్, అంటే ముందు వైపు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్, చాలు. డబ్బు పెట్టాల్సింది గేర్ల మీద, బ్రేకుల మీద. ముందు గేరు పళ్లచక్రానికి 32 పళ్లు, వెనక అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రానికి 51 పళ్లు ఉంటే బరువుతో కూడా ఘాట్ ఎక్కగలరు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, 2.2 అంగుళాల టైరు పట్టే ఫ్రేమ్ చూడండి. సైజు మాత్రం ఎక్కి కూర్చుని చూశాకే తేల్చండి, తగ్గింపు ఉందని సరిపోని సైజు తెచ్చుకుంటే మోకాళ్లు పోతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధరలు రాసి పెట్టుకుని ఉంటే మళ్లీ అడగండి.

సైకిల్‌కు 60,000 దాటకండి. బ్యాగులు, పంప్, స్పేర్ ట్యూబులు, గేర్ హ్యాంగర్ (వెనక గేరును ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న ముక్క), స్లీపింగ్ బ్యాగ్‌లకు విడిగా 15,000 పెట్టుకోండి. చాలామంది సైకిల్‌కే అంతా పెట్టేసి వీటికి అప్పు చేస్తారు.

జూలైకి బదులు సెప్టెంబరు పెట్టుకోండి. షిమ్లా వైపు నుంచి స్పితికి వెళ్లే కిన్నౌర్ రోడ్డు మీద వానల్లో కొండచరియలు విరిగిపడతాయి. అయినా ఆ దారే మేలు, అక్కడ ఎత్తు మెల్లగా పెరుగుతుంది. మనాలి వైపు నుంచి వెళ్తే కొద్ది రోజుల్లోనే 4,500 మీటర్లు దాటిన కుంజుమ్ కనుమ ఎక్కాలి, మన మైదానం వాళ్లకు అది కష్టం. రెండు నెలలు కలిసొస్తాయి కాబట్టి చిట్టీ కూడా ఆలస్యంగా పాడొచ్చు. ఇంకా చిట్టీ పాడనివాళ్లు తగ్గేకొద్దీ మామూలుగా పోటీ తగ్గుతుంది, పాటలో పోయేదీ తగ్గుతుంది. ఇంటి ఖర్చు, చిట్టీ పోగా నెలనెలా మిగిలే 5,000లో 3,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, రైలు, తిండి ఖర్చులకు అక్కరకొస్తుంది.

బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు. అది సరిపోదు, కానీ లేకుండా కొండలకు వెళ్లొద్దు.

ఈలోగా ఇంట్లో ఉన్న పాత సైకిల్ మీదే కొల్లాపూర్ మీదుగా సోమశిలకు వెళ్లి, కృష్ణ ఒడ్డున ఒక రాత్రి ఉండి రండి. తర్వాత అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం కొండ ఎక్కండి. మన్ననూరు దాటి అడవిలో టెంటు వేయాలని మాత్రం అనుకోకండి, అది పులుల అభయారణ్యం. రెండు ట్రిప్పుల్లో ఏం ఖర్చయిందో, ఏ సామాను బ్యాగులోంచి తీయనే లేదో కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతోనే సైకిల్ షాపుకు వెళ్లండి.