మాలేలో ఎన్నింటికి దిగుతున్నారు?

ప్రశ్న: అమ్మానాన్నలతో డిసెంబరులో మాల్దీవులకు వెళ్తున్నాం. విమానం మధ్యాహ్నం మూడున్నరకి మాలేలో దిగుతుంది. అక్కడి నుంచి రిసార్టుకు సీప్లేన్ అట. పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు కదా? బ్యాంకు ఓటీపీలు వస్తాయా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఓటీపీ సంగతి తర్వాత, ముందు ఆ విమానం మార్చుకోండి. సీప్లేన్లు, అంటే నీటి మీద దిగే చిన్న విమానాలు, పగటి వెలుతురులోనే ఎగురుతాయి. సముద్రం మీద రన్‌వే లైట్లుండవు. అలలనీ పడవలనీ పైలట్ కంటితో చూసుకునే దింపాలి. సాయంత్రం నాలుగు దాటాక సాధారణంగా బయల్దేరవు. మీరు ఇమ్మిగ్రేషన్ ముగించి, సామాను తీసుకుని టెర్మినల్ చేరేసరికి ఆఖరిది వెళ్లిపోతుంది. ఆ రాత్రికి ఎయిర్‌పోర్టు పక్కనున్న హుల్హుమాలే దీవిలో గది వెతుక్కోవాలి. ఎయిర్‌పోర్టు నుంచి అక్కడికి రోడ్డుంది, టాక్సీలు దొరుకుతాయి. మధ్యాహ్నం లోపు దిగే విమానం కుదరకపోతే, స్పీడ్‌బోటుతో చేరుకునే దగ్గరి రిసార్టు ఎంచుకోండి. స్పీడ్‌బోట్లు చీకటి పడ్డాక కూడా నడుస్తాయి.

పెద్దవాళ్ల విషయానికొస్తే, అక్కడ సీప్లేన్లుగా నడిచే ట్విన్ ఆటర్ విమానాల్లో టాయిలెట్ ఉండదు. మెట్లు ఇరుకు, లోపల తల వంచి నడవాలి, ఇంజన్ల హోరు ఎక్కువ. దారిలో ఒకటి రెండు రిసార్టుల దగ్గర ఆగవచ్చు కూడా. అందుకని ఎక్కేముందే బాత్రూముకు వెళ్లిరమ్మనండి, చెవుల్లోకి దూది ఇవ్వండి. సామాను మనిషికి 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు. మించితే కిలో లెక్కన కట్టాలి.

తిరుగు ప్రయాణంలో చాలామంది పొరబడేది గడియారం దగ్గర. మాలే సమయం మనకన్నా అరగంట వెనక. కొన్ని రిసార్టులు తమ గడియారాన్ని మాలే కన్నా గంట ముందుకు పెట్టుకుంటాయి. సీప్లేన్ టైమ్ చెప్పినప్పుడు అది ఏ టైమో అడిగి రాసుకోండి.

ఓటీపీల కోసం ఇక్కడి సిమ్‌కు బయల్దేరకముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. నెట్‌కు అక్కడి ఫోన్ కంపెనీలైన ధిరాగు లేదా ఊరెడూ సిమ్ ఎయిర్‌పోర్టులోనే పాస్‌పోర్టు చూపించి తీసుకోవచ్చు. ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు మాల్దీవుల ఇమ్మిగ్రేషన్ వాళ్ల ఆన్‌లైన్ ఫారం, ఇముగా డిక్లరేషన్, నింపాలి. అది ఉచితం, డబ్బడిగే సైట్ల జోలికి పోవద్దు.

ప్రశ్న: మాల్దీవుల్లో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేస్తే కలవట్లేదు. నంబరు ముందు సున్నా పెట్టాలా?
– ఒక పాఠకుడు, టి.నగర్, చెన్నై

జవాబు: అక్కర్లేదండీ. అక్కడ ఊరి కోడ్లు లేవు. ప్లస్ 960 కొట్టి, వెంటనే ఏడంకెల నంబరు కొట్టండి. మీ సిమ్‌లో ఐఎస్‌డీ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.