జిల్లేడు చారల పురుగు, ఇల్లినాయ్ మిణుగురు: పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాల్లో సగం, వేసవికి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తున్న పెద్దవాళ్ళవి. అందులోనూ ఇల్లినాయ్, ఇండియానా, ఒహాయో లాంటి మిడ్‌వెస్ట్ రాష్ట్రాలకు వెళ్ళేవాళ్ళే ఎక్కువ. మిగతా సగం రోహిణి కార్తెను ఇక్కడే భరించే వాళ్ళవి. విడదీయకుండా కలిపే జవాబులిస్తున్నాం.

*జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి ఇల్లినాయ్ వెళ్తున్నాం. కారు లేకపోతే గడప దాటలేమంట. పగలంతా ఇంట్లో పొద్దు పోయేదెట్లా?*
*– ఒక పాఠకురాలు, కావలి*

పొద్దు పోకపోవడం అక్కడ మాట వరసకి కాదమ్మా, నిజంగానే పోదు. జూన్ 21న నెల్లూరులో ఆరూ నలభై ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తే, షికాగోలో ఎనిమిదిన్నర అవుతుంది. మనం భూమధ్యరేఖకు 14 డిగ్రీల ఉత్తరాన ఉంటే వాళ్ళు 42 డిగ్రీల దగ్గరున్నారు. ఆ రోజు వాళ్ళకు పగలు పదిహేను గంటల పైమాటే. దానికి తోడు వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పుకుంటారు. కాబట్టి ఏడున్నరకే అన్నాలు తిని తలుపులు వేసుకోకండి. అసలు చూడాల్సింది అప్పుడే మొదలవుతుంది, దానికి కారూ అక్కర్లేదు. పెరట్లో ఒక కుర్చీ చాలు.

జూన్ మధ్య నుంచి జూలై దాకా, పొద్దు గుంకిన తర్వాత ముప్పావుగంట సేపు గడ్డి మీద మిణుగురులు లేస్తాయి. అక్కడ పెరళ్ళలో ఎక్కువగా కనబడేది ఫోటినస్ పైరాలిస్ అనే రకం. గుంపుగా మెరుస్తున్నాయి కదా అని అన్నింటినీ ఒకేసారి చూస్తే ఏమీ తెలియదు. ఒక్కదాని మీదే చూపు నిలపండి. మోకాలి ఎత్తున ఎగురుతూ కాస్త కిందికి జారుతుంది, మళ్ళీ పైకి లేస్తూ అర సెకను వెలుగుతుంది. ఆ వెలుగు గీత కొక్కెంలా కనబడుతుంది. ఆరారు సెకన్లకు ఒకసారి అదే గీత. అది మగది. ఆడది గడ్డిపోచ మీద కూర్చుని ఉంటుంది. మగది వెలిగిన తర్వాత సుమారు రెండు సెకన్లు ఆగి, ఒక్కసారి వెలిగి ఊరుకుంటుంది. ఆ రెండు సెకన్ల ఎడమే వాటికి గుర్తు.

మీరూ ఆ మాట మాట్లాడొచ్చు. చిన్న టార్చి తీసుకుని, అద్దానికి వేలు అడ్డం పెట్టి వెలుగు బాగా తగ్గించండి. గడ్డి మట్టానికి ఆనించి పట్టుకోండి. మగది వెలగ్గానే మనసులో "ఒకటి, రెండు" అనుకుని అర సెకను వెలిగించి ఆర్పండి. నాలుగైదుసార్లకు అది మీ వైపు తిరిగి, దగ్గర్లో గడ్డి మీద వాలుతుంది. రాకపోతే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి: టార్చి వెలుగు ఎక్కువైంది, తొందరపడి ముందే వెలిగించారు, లేదా వరండా లైటు ఆర్పలేదు. సెల్‌ఫోన్ లైటుతో ఈ పని జరగదు. ఒక్క సంగతి, జవాబిచ్చేవన్నీ పెళ్ళికూతుళ్ళు కావు. ఫోటూరిస్ అనే ఇంకో జాతి ఆడది ఇదే సైగను అనుకరించి, నమ్మి వచ్చిన మగదాన్ని తినేస్తుంది.

మనవళ్ళు సీసాలో పట్టుకుంటామంటే పట్టుకోనివ్వండి. మూతకు చిల్లులు పెట్టి, లోపల తడి కాగితం వేసి, పడుకోబోయే ముందు వదిలేయమనండి. దోమల మందు రాసుకున్న చేతులతో మాత్రం ముట్టుకోవద్దు. గడ్డికి పురుగుల మందు కొట్టించిన పెరట్లో మిణుగురులు తక్కువ. వీటి పిల్ల పురుగులు చాలా నెలలు మట్టిలోనే బతుకుతాయి, మందు ముందు వాటినే చంపుతుంది. మన దగ్గర తొలకరి తర్వాత చెరువుకట్టల కింద మిణుగురులు కనబడి, ఊరి వీధి లైట్ల కింద కనబడకపోవడానికి ఒక కారణం ఆ వెలుతురే.

పెరడు దాటి ఎత్తు గడ్డిలోకి, చెట్ల అంచుకి వెళ్తే మటుకు సాక్సులోకి ప్యాంటు దోపుకోవాలి. మన పశువులకు పట్టే గోమార్ల లాంటివే అక్కడ మనుషులకూ పడతాయి, కొన్నింటి వల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో వెతకండి. అంటుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్ల చూపడం లాంటి నాటు వైద్యాలు వద్దు.

*మా అబ్బాయి వాళ్ళింట్లో హమ్మింగ్ బర్డ్ కోసం సీసా వేలాడదీశారు. అందులో బెల్లం నీళ్ళు పోయొచ్చా? మన తేనెపిట్టలకు కూడా అలా పెట్టొచ్చా?*
*– నెల్లూరు*

బెల్లం వద్దు. అందులోని ఇనుము ఆ పిట్టకు హాని, పైగా నీళ్ళు తొందరగా పులుస్తాయి. తేనె అయితే బూజు పడుతుంది. తెల్ల పంచదార ఒక కప్పు, నీళ్ళు నాలుగు కప్పులు, అంతే. కరిగించి చల్లార్చి పోయాలి. ఎర్ర రంగు కలపనక్కర్లేదు, ఆ సీసాకున్న ఎరుపే చాలు. ఎండ ముదిరితే రెండు రోజులకోసారి పారబోసి, వేడినీళ్ళతో బ్రష్షు పెట్టి కడగాలి. ద్రవం మసకబారిందంటే ఆలస్యమైందన్నమాట. చీమలు పడుతుంటే సీసా పైన చిన్న నీళ్ళ గిన్నె వేలాడదీస్తే సరిపోతుంది, మన వంటింట్లో అన్నం గిన్నె కింద నీళ్ళపళ్ళెం పెట్టే ఉపాయమే.

మన తేనెపిట్టకు సీసా ఎందుకండీ? గుమ్మం పక్కన ఒక మందార చెట్టుంటే చాలు. హమ్మింగ్ బర్డ్ గాల్లో నిలబడి తాగుతుంది. ఇది కొమ్మ మీద కూర్చుని, పువ్వు మొదట్లో ముక్కుతో పొడిచి పక్కదారిన తేనె లాగుతుంది. మందారాల తొడిమ దగ్గర సన్నటి చీలిక కనబడితే అది దొంగ గుర్తు.

*మా దొడ్డి వెనక జిల్లేడు ఆకుల మీద నలుపు, తెలుపు, పసుపు చారల పురుగులున్నాయి. పిల్లలు పెంచుతామంటున్నారు. విషమా?*
*– కందుకూరు*

పురుగు కుట్టదు, కరవదు. జాగ్రత్త పడాల్సింది జిల్లేడు పాలతో. కంట్లో పడితే ప్రమాదం, ఆకు తుంచిన చేతులు వెంటనే కడగాలి.

అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల. వీపు మీద మూడు జతల నల్లటి మీసాలు లెక్కపెట్టండి: తల దగ్గర ఒక జత, నడుమన ఒకటి, తోక దగ్గర ఒకటి. అమెరికా వెళ్ళే వాళ్ళకు చెబుతున్నాం, అక్కడ మిల్క్‌వీడ్ అనే మొక్క మీద అచ్చం ఇలాంటిదే కనబడుతుంది, కానీ దానికి రెండే జతలు. అది మోనార్క్. మిల్క్‌వీడ్ మన జిల్లేడుకు చుట్టమే, మోనార్క్ ఈ సీతాకోకకు చుట్టమే. రెండూ ఆ పాలలోని చేదును ఒంట్లో దాచుకుని పిట్టల నోటికి రుచించకుండా పోతాయి. ఎండాకాలం చివర్లో పుట్టిన మోనార్క్‌లు అక్కడి నుంచి మెక్సికో దాకా వెళ్తాయి.

పెంచాలంటే జిల్లేడు కొమ్మను చిన్న సీసా నీళ్ళలో పెట్టండి. సీసా మూతిని దూదితో బిగించి మూసెయ్యాలి, లేకపోతే పురుగు కొమ్మ వెంట దిగి నీళ్ళలో పడి చస్తుంది. చాలామంది చేసే తప్పు ఇదే. రెండో తప్పు, మూతున్న ప్లాస్టిక్ డబ్బా. లోపల చెమ్మ చేరి రెట్టలకు బూజు పడుతుంది. పలచటి బట్ట కట్టిన బుట్ట నయం. రోజూ రెట్టలు దులిపి, కొత్త ఆకు పెట్టాలి. మందు కొట్టిన పొలం గట్టు ఆకు తేవద్దు.

రెండు వారాల లోపే అది తిండి మానేసి పైకెక్కి, తలకిందులుగా వేలాడి గూడుగా మారుతుంది. లేతాకుపచ్చ లేదా గులాబీ రంగు, చుట్టూ బంగారు చుక్కలు. అప్పుడు బుట్ట కదిలించొద్దు. గూడు నల్లబడి, లోపల నారింజ రెక్క అద్దంలోంచి కనబడినట్టు కనబడితే మర్నాడు పొద్దున్నే లేవండి. బయటికొచ్చాక రెక్కలు ముడతలు పడి తడిగా ఉంటాయి. అవి విచ్చుకుని ఆరడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఆత్రంగా వేలితో సాగదీస్తే అది ఇక ఎగరదు. ఒక్కోసారి గూట్లోంచి సీతాకోకకు బదులు ఈగలు వస్తాయి. మీ తప్పేం లేదు, పురుగుగా ఉన్నప్పుడే ఈగ దాని మీద గుడ్డు పెట్టి ఉంటుంది.

*ముంజలు లేతవో ముదురువో కాయ చూసి చెప్పొచ్చా?*
*– సింగరాయకొండ*

పై తొక్క రంగు చూసి చెప్పలేరు. పైన చెక్కించి కన్ను చూడాలి. బొటనవేలితో నొక్కితే లోపలికి జారి నీళ్ళు కదిలితే లేత. గట్టిగా, తెల్లగా కొబ్బరిలా ఉంటే ముదురు, వదిలేయండి. ఒలిచి కవర్లో పోసినవి సాయంత్రానికి జిగురొస్తాయి, కాయతోనే కొని వేలితో తోడుకు తినడమే మేలు. తిన్న డొల్లలు పారేయకండి. రెండింటినీ జానెడు పుల్లతో కలిపి, ఆ ఇరుసుకు పంగల కర్ర ఆనించి తోస్తే పిల్లలకు బండి. డొల్ల ఎండేకొద్దీ కుంచించి చిల్లు వదులవుతుంది, రెండో రోజుకు చక్రం ఊడిపోతుంది. ఎటూ ముంజల కాలంలో కొత్త చక్రాలకు కరువుండదు.

*కీచురాళ్ళ అరుపు లెక్కపెట్టి ఎండ ఎంతో చెప్పొచ్చని విన్నాను. నిజమేనా?*
*– ఒంగోలు*

నిజమే, కానీ అన్ని కీచురాళ్ళతోనూ కుదరదు. అరిచేది మగది, రెక్క మీద రెక్క రాస్తుంది. దానికి ఒంటి వేడి సొంతంగా ఉండదు కనక, గాలి వెచ్చబడే కొద్దీ కండరాలు వేగంగా కదులుతాయి. అమెరికా శాస్త్రవేత్త డాల్బేర్ 1897లో దీనికి సూత్రం రాశాడు. అది బాగా సరిపోయేది స్నోయీ ట్రీ క్రికెట్ అనే లేతాకుపచ్చ కీటకానికి. మిడ్‌వెస్ట్‌లో జూలై చివరి నుంచి పొదల్లో, తాళం వేసినట్టు సమంగా అరుస్తుంది. ఎనిమిది సెకన్లలో ఎన్ని అరుపులో లెక్కపెట్టి 5 కలిపితే సెల్సియస్ డిగ్రీలు. 17 అరుపులొస్తే 22 డిగ్రీలన్నమాట. మూడుసార్లు లెక్కపెట్టి సగటు తీసుకోండి. చుట్టుపక్కలవన్నీ ఒకే తాళంలో కలిసి అరుస్తాయి కాబట్టి లెక్క సులువే.

ఒంగోలులో మీ పెరటి కీచురాయి జాతి వేరు, గుక్క తిప్పుకోకుండా సాగదీసి అరిచే రకమైతే లెక్కే అందదు. ఎండ సంగతికి ఇక్కడ గాలి దిక్కే నయం. మధ్యాహ్నం తూర్పు నుంచి సముద్రపు గాలి తిరిగితే ఎండ అక్కడితో ఆగుతుంది. పడమటి గాలి దాన్ని అడ్డుకుంటే సాయంత్రం దాకా వడ తగ్గదు.