పొగను నిజంగా లెక్కలోంచి తీసేశారా?

ప్రశ్న: కాఫీ ఎక్కువగా తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువని ఒక అధ్యయనంలో చదివాను. వేలమందిని పరిశీలించారు. పొగతాగే అలవాటు ప్రభావాన్ని సరిచేశాక కూడా పి-విలువ (అసలు సంబంధమే లేకపోతే ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.05 కంటే చాలా తక్కువట. ఇంకా అనుమానించాలా?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: తప్పకుండా అనుమానించాలమ్మా. ముందు వాళ్ల ప్రశ్నావళి తెరిచి, పొగ గురించి ఏమడిగారో చూడండి. 'అవును', 'కాదు' అని రెండు గళ్లే ఉన్నాయనుకోండి. రోజుకు రెండు సిగరెట్లు కాల్చేవారూ, 30 ఏళ్లుగా రోజుకు రెండు పెట్టెలు ఖాళీ చేసేవారూ ఒకే గడిలో పడతారు. సిగరెట్లు ఎక్కువ కాల్చేవారు కాఫీ కూడా ఎక్కువే తాగుతారని చాలా పరిశీలనల్లో తేలింది. అందువల్ల ఆ గడికి అందని పొగ చేసిన హానిని లెక్క కాఫీ ఖాతాలో రాసేస్తుంది.

వేలమంది ఉన్నారన్న ధీమా ఇక్కడ పనికిరాదు. జనం పెరిగితే యాదృచ్ఛిక తేడాలు తగ్గుతాయి గాని, కొలతలోని లోపం అలాగే ఉంటుంది. దాంతో లేని సంబంధానికి పి-విలువ ఇంకా చిన్నదవుతుంది! 2016లో వెస్ట్‌ఫాల్, యార్కోనీ అనే పరిశోధకులు కంప్యూటర్ అనుకరణలతో దీన్ని స్పష్టంగా చూపించారు. గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఇది మొదటి ఏడాదిలోనే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

అందుకే ఇలాంటి అధ్యయనాన్ని నమ్మే ముందు ఇవి చూడండి: రక్తంలోనో మూత్రంలోనో కోటినిన్ (శరీరంలో నికోటిన్ మారి ఏర్పడే పదార్థం) కొలిచారా? కొలతలోని లోపాన్ని గణాంక నమూనా (మోడల్)లోనే చేర్చి లెక్కించారా? ఎన్నడూ పొగ తాగనివారిని విడిగా చూశారా? కాఫీ విషయంలో అలా విడిగా చూసిన విశ్లేషణల్లో ఆ సంబంధం దాదాపు కనిపించలేదు.