ఏరుకున్నవీ వెదుక్కున్నవీ: ఆటల శీర్షికలో పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో పాఠకులను ఒక మాట అడిగాను. గెంతుతూ, ఎక్కుతూ, అంచుల మీద నుంచి దూకుతూ సాగే ప్లాట్‌ఫారం ఆటల్లో నాణేలూ నక్షత్రాలూ ఏరడం మీకెలా అనిపిస్తుంది, ఆ లోకాల్లో మూలమూలలా వెదకడం ఎలా అనిపిస్తుంది, రాయండి అన్నాను. విశాఖ నలుమూలల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను; అందులోని బాధే తక్కిన చాలా ఉత్తరాల్లోనూ కనిపించింది.

ప్రశ్న: సూపర్ మారియో ఒడిస్సీలో కథ పూర్తిచేసి, ఇప్పటికి 540 పవర్ మూన్లు (ఆ ఆటలో వెదికి ఏరవలసిన చందమామలు) సంపాదించాను. మొదటి రెండు వందల దాకా ఆట ఆపబుద్ధి కాలేదు. ఇప్పుడు రాత్రి భోజనం చేసి కూర్చుంటే, ఆఫీసు పనే ఇంకొంత ఇంటికి తెచ్చుకున్నట్టుంది. అయినా మానలేకపోతున్నాను. అన్నీ ఏరితేనే ఆట ఆడినట్టా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ

జవాబు: మీరు రాసిన 540 అన్న అంకెలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. 2017లో వచ్చిన ఈ ఆటలో కథ ముగింపు చేరడానికి 124 మూన్లు చాలు. 250 చేతికి వస్తే ఒక కొత్త చోటు, 500 వస్తే అన్నింటికంటే కఠినమైన మరొక చోటు తెరుచుకుంటాయి. ఆ తరువాత మీరు ఎన్ని మూన్లు సంపాదించినా, మారియో ఓడ వెళ్లగలిగిన కొత్త రాజ్యం ఒక్కటి కూడా మిగలదు. అంటే మీకు విసుగు మొదలైన చోటే ఈ ఆటలో కొత్త నేల అయిపోయింది. అంతవరకూ ఏరడమూ వెదకడమూ జోడెడ్ల లాగా నడిచాయి. ఇప్పుడు ఒక ఎద్దు ఆగిపోతే రెండోదే బండి లాగుతోంది. మీకు కలిగిన అలసటకు మీ ఓపిక లోపం కారణం కాదు.

మొదటి రెండు వందల మూన్లూ ఎలా దొరికాయో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎడారి రాజ్యంలో, నల్లకళ్లద్దాలు పెట్టుకున్న పెద్ద రాతి తలలు కొన్ని తిరుగుతూ ఉంటాయి. మారియో టోపీ విసిరి అలాంటి తల ఒకదానిలో దూరి, ఆ కళ్లద్దాల గుండా చూస్తే, అంతవరకూ వట్టి గాలి అనుకున్న చోట ఒక దారి కనిపిస్తుంది. అద్దాలు ఉన్నంతసేపూ నడక బరువుగా, నెమ్మదిగా సాగుతుంది. తీసేస్తే కాళ్లకు వేగం వస్తుంది కానీ దారి మాయమవుతుంది. అందుకని దారిని ముందు కళ్లతో కంఠస్థం చేసి, ఆ తరువాత అద్దాలు తీసి నడవడం అలవాటవుతుంది. అడవి రాజ్యంలో అంచు దాటితే ప్రాణం పోవడమే అనుకుంటాం. కొన్ని చోట్ల అలా పడినప్పుడు కింద మరొక చీకటి అడవి ఎదురవుతుంది, అందులో డైనోసార్ తిరుగుతూ ఉంటుంది. అక్కడ దొరికిన మూను కంటే, పడిన తరువాత బతికి ఉన్నానని తెలిసిన ఆ క్షణమే ఎక్కువ కాలం గుర్తుంటుంది. మూను ఆ క్షణానికి వేసిన ముద్ర మాత్రమే.

తరువాత వచ్చేవాటిలో చాలా భాగం ఇలా ఉండదు. దాదాపు ప్రతి రాజ్యంలోనూ దుకాణంలో ఒక మూను కొనాలి, చాలా రాజ్యాల్లో పరుగు పందెం గెలవాలి, ప్రయాణంలో ఉన్న యువరాణి ఎక్కడుందో ప్రతి చోటా చూసి పలకరించాలి. మొదటిసారి ఇవి ముచ్చటగానే ఉంటాయి. పదో రాజ్యానికి వచ్చేసరికి జాబితాలో టిక్కు పెట్టడమే మిగులుతుంది. సముద్ర రాజ్యంలో బంతిని కింద పడనీయకుండా వందసార్లు కొట్టమనే బీచ్ వాలీబాల్ మూనూ, నగర రాజ్యంలో వందసార్లు తాడాట గెంతమనే మూనూ ఓర్పుకు పరీక్షలే తప్ప, ఆ చోటు గురించి కొత్తగా ఏమీ చెప్పవు. ఇంతా చేసి ఒక్కోటి మూడుగా లెక్కకు వచ్చేవాటిని కలుపుకున్నా మొత్తం 880 అవుతాయి. లెక్కపలక మాత్రం 999 దాకా వెళుతుంది. ఆ లోటు దుకాణంలో నాణేలు పోసి కొనుక్కుంటేనే తీరుతుంది. ఇంత గొప్ప ఆట చివరికి మనిషిని అంగడి ముందు నిలబెట్టడం నాకు బాధ కలిగించే విషయం.

మా చిన్నతనంలో ఆదివారం పొద్దున్నే లాసన్స్ బే వైపు వెళ్లి, ఆటు దిగిన తరువాత రాళ్ల సందుల్లో గవ్వలు ఏరేవాళ్లం. ఇంట్లో ఒక హార్లిక్స్ సీసా నిండా ఉండేవి. ఎన్ని ఉన్నాయో ఏనాడూ లెక్కపెట్టలేదు, కానీ అంచు విరిగిన ఒక గోధుమరంగు గవ్వ ఏ రాయి కింద దొరికిందో, చేయి పెట్టినప్పుడు పీత కదిలి ఎలా భయపెట్టిందో ఇప్పటికీ చెప్పగలను. మీ 540లో అలా చెప్పగలిగినవి ఎన్ని ఉన్నాయో చూసుకోండి. వంద ఉన్నా మీరు ఈ ఆటను సంపూర్ణంగా ఆడినట్టే. జాబితా తెరవకుండా, మీకు బాగా నచ్చిన ఒక్క రాజ్యంలోకి వెళ్లి వారం రోజులు ఊరికే తిరగండి. ఏదైనా తారసపడితే తీసుకోండి. అప్పటికీ మనసు రాకపోతే ఆట మార్చండి. ఒడిస్సీ చేసిన బృందమే 2025లో నింటెండో వారి స్విచ్ 2 కన్సోల్ కోసం డాంకీ కాంగ్ బనాంజా తెచ్చింది. అందులో గోడనూ నేలనూ పిడికిళ్లతో పగలగొట్టుకుంటూ పోవచ్చు కనుక, వెదకడం అన్న మాటకే కొత్త అర్థం వచ్చింది.

ప్రశ్న: నేనూ మా అన్నయ్యా బాంజో కజూయీ పాతదీ కొత్తదీ రెండూ ఆడాము. పాతదానిలో చనిపోతే ఏరిన సంగీత స్వరాలన్నీ పోతాయి. అదే అసలైన ఆట అని అన్నయ్య అంటాడు, అది అన్యాయమని నేనంటాను. మీరేమంటారు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వన్‌టౌన్

జవాబు: రేర్ సంస్థ 1998లో నింటెండో 64 కోసం చేసిన ఆ ఆటలో తొమ్మిది లోకాలు, లోకానికి వంద చొప్పున 900 స్వరాలు ఉంటాయి. ఒక లోకంలో ఒకే విడతలో మీరు ఏరినవాటిలో అత్యధిక సంఖ్యను మాత్రమే ఆట గుర్తుంచుకుంటుంది; ప్రాణం పోయినా, లోకం వదిలి బయటికి వచ్చినా, మళ్లీ సున్నా నుంచి ఏరాలి. 2008లో ఎక్స్‌బాక్స్ 360కి వచ్చినప్పుడు ఈ పద్ధతి మార్చి, తీసుకున్న స్వరం తీసుకున్నట్టే ఉండేలా చేశారు.

మీది ఓడరేవు పక్క ఊరు కనుక రస్టీ బకెట్ బే లోకాన్నే ఉదాహరణగా తీసుకుందాం. తుప్పు పట్టిన పెద్ద ఓడ, చమురు తేలే నీళ్లు, క్రేన్లు, సరుకు పెట్టెలు కనిపించే ఆ చోటును మన హార్బర్ చూసి పెరిగినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. ఆ నీళ్లలో తల పైకెత్తి ఈదుతున్నా ఊపిరి తరిగిపోతూనే ఉంటుంది, మునిగితే ఇంకా త్వరగా తరుగుతుంది. ఓడ ఇంజన్ గదిలో తిరిగే చక్రాల మీద కాలు జారితే అడుగున నేల లేదు. అక్కడ మీ అన్నయ్య మాటలో నిజం ఉంది. పోగొట్టుకునేది చేతిలో ఉంది కనుకే ప్రతి చక్రం ఎటు తిరుగుతోందో అంత శ్రద్ధగా చూస్తాం. కానీ పడిన తరువాత బయటి రేవులో అవే తొంభై స్వరాలను అదే వరుసలో మళ్లీ ఏరే అరగంటలో చూడవలసింది ఏమీ ఉండదు. ఆ అరగంట శిక్షే తప్ప ఆట కాదు. అందుకే 2008 నాటి మార్పు సరైనదని నా అభిప్రాయం. ఇక పాతదానిలోనే ఆడతానని అన్నయ్య పట్టుబడితే, లోకంలో అడుగు పెట్టగానే ముందు ఇంజన్ గది పని ముగించి, ఆ తరువాత రేవులోకి రమ్మని చెప్పండి. అప్పుడు పడినా పోయేది తక్కువ.

ప్రశ్న: మా పదేళ్ల బాబు వాళ్ల మామయ్య ఇచ్చిన స్విచ్‌లో సూపర్ మారియో 64 ఆడుతున్నాడు. పన్నెండు నక్షత్రాల దగ్గరే ఆగిపోయి, రోజూ కోటలో ఊరికే తిరుగుతూ, గోడలు చూస్తూ, చెట్లెక్కుతూ ఉంటాడు. ముందుకు వెళ్లని ఆటతో పిల్లవాడు సమయం పాడు చేసుకుంటున్నాడేమోనని భయంగా ఉందండీ.
– ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: అమ్మా, రోజుకు ఎంతసేపు ఆడాలన్నది మీరు పెట్టే నియమం, అందులో సడలింపు అక్కరలేదు. కానీ ఆ సమయంలో మీ బాబు చేస్తున్నది ఆ ఆట కోరుకున్న పనే. 1996లో వచ్చిన ఈ ఆటలో నక్షత్రాలు 120. డెబ్బై ఉంటే చివరి పోరుకు తలుపు తెరుచుకుంటుంది. లోకాల్లో చాలావరకు కోట గోడలకు వేలాడే చిత్రపటాల వెనుక ఉంటాయి కనుక, గోడలు చూడని పిల్లవాడికి ఈ ఆట సగమే దొరుకుతుంది. పది నక్షత్రాలు దాటాక కోట ముందరి హాలులో నేల మీద ఒక వెలుగు పడుతుంది. అక్కడ నిలబడి, చూపును మెల్లగా పైకప్పు వైపు తిప్పితే, ఆ వెలుగే మారియోను రెక్కల టోపీ ఉన్న గోపురంలోకి లాక్కుంటుంది. పరుగెత్తేవాడికి ఆ దారి దొరకదు, ఆగి తల ఎత్తినవాడికే దొరుకుతుంది. మీ బాబుకు పన్నెండు ఉన్నాయి కనుక ఆ వెలుగు ఇప్పటికే పడుతూ ఉంటుంది.

మీరు మాత్రమే తెలుసుకుని దాచుకోవలసిన సంగతి ఇంకొకటి చెబుతాను. పై అంతస్తులో నిలువెత్తు అద్దం ఉన్న గది ఒకటి వస్తుంది. ఒక గోడకు నేరుగా చూస్తే పటం ఉండదు, అద్దంలో మాత్రం ఆ గోడకు పటం కనిపిస్తుంది. దాని గుండానే ఒక మంచు లోకంలోకి వెళ్లాలి. బాబు ఎప్పటికో అక్కడికి చేరినప్పుడు పక్కన కూర్చోండి, చెప్పకండి. ఈ ఆటల సృష్టికర్త షిగెరు మియామోటో క్యోటో సమీపంలోని సొనొబే అనే ఊళ్లో, కొండల్లోనూ గుహల్లోనూ తిరుగుతూ పెరిగారు. లాంతరు పట్టుకుని గుహలోకి వెళ్లిన ఆ అనుభవమే తన ఆటలకు మూలమని ఆయనే చెప్పారు. వీలైతే ఒక సెలవు రోజు బాబును బొర్రా గుహలకు తీసుకెళ్లండి. ఆటలో వాడు గోడలు ఎందుకు చూస్తున్నాడో మీకు అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న: దొరకని వస్తువుల కోసం యూట్యూబ్ వీడియోలు చూడడం తప్పా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: తప్పేమీ లేదు. అయితే ముందు ఆట ఇచ్చే సూచన అడగండి. ఒడిస్సీలో ఒక చిలుక మూను పేరు మాత్రం చెబుతుంది. యాభై నాణేలిస్తే టోడ్ అనే పుట్టగొడుగు తల పాత్ర దాని చోటును పటం మీద గుర్తు పెడుతుంది. పేరు పట్టుకుని వెదకడంలోనే ఎక్కువ ఆనందం ఉంది. 2017 నాటి హాలో నైట్ అనే ఆటలో పటం అమ్మేవాడినే ముందు వెదకాలి. దారిలో రాలిన కాగితాలూ, దూరం నుంచి వినిపించే అతని కూనిరాగమూ మిమ్మల్ని అతని దగ్గరికి చేరుస్తాయి. వీడియోకు ఇలాంటి కూనిరాగం ఉండదు. ఒక్క వస్తువు కోసం మూడు రోజులు తిరిగి విసిగితే మాత్రం నిశ్చింతగా వీడియో చూసి ముందుకు వెళ్లండి.

ప్రశ్న: సెలెస్ట్‌లో స్ట్రాబెర్రీలు స్నేహితులకు చూపించుకోవడానికే తప్ప ఎందుకూ పనికిరావని ఆటే చెబుతుంది. తెలిసి కూడా ప్రతిదాని కోసం వందసార్లు చస్తున్నాను. ఎందుకిలా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: 2018లో వచ్చిన ఈ ఆటలో 175 ఎర్ర స్ట్రాబెర్రీలు ఉన్నాయి. వాటిని ముట్టుకుంటే చాలదు, క్షేమంగా తిరిగి నేల మీద కాలు మోపితేనే మీ లెక్కలోకి వస్తాయి. అందువల్ల వెళ్లే దారితో పాటు వచ్చే దారి కూడా మీరే కనిపెట్టాలి. బీచ్ రోడ్డులో నిలబడిన ప్రతి పిల్లవాడూ డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ చూసి, అక్కడికి వెళ్లాలంటాడు. వెళితే ఏమొస్తుందని వాడు అడగడు. కంటికి కనిపించి, చేతికి అందని చోట పెట్టిన ఎర్రని చుక్కకు అంత బలం ఉంది. పనికిరాదని ముందే చెప్పిన నిజాయతీ వల్ల ఆ ఆట మీద నాకు గౌరవం పెరిగింది, ఎందుకంటే వదిలేసి వెళ్లే స్వేచ్ఛను కూడా అది ఇచ్చింది.

ప్రశ్న: మా ఇంట్లో గేమ్ కన్సోల్ లేదు, అక్క చదువు కోసం కొన్న కంప్యూటర్ ఉంది. ఏ ఆటతో మొదలుపెట్టాలి సార్?
– ఏడో తరగతి విద్యార్థి, గాజువాక

జవాబు: రేమన్ లెజెండ్స్‌తో మొదలుపెట్టు బాబూ. 2013లో వచ్చిన ఆట కనుక బాగా ఖరీదైన కంప్యూటర్ అవసరం ఉండదు. అక్కకు పరీక్షలు లేని రోజు చూసుకుని, ఆమెను అడిగే పెట్టుకో. అందులో టీన్సీలనే చిన్న ప్రాణులు 700 మంది బందీలుగా ఉంటారు. కొందరు ఎదురుగానే కనిపిస్తారు, కొందరు గోడ వెనుక రహస్య గదుల్లో ఉంటారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడు. ఎవరూ కనిపించని చోట సన్నగా కాపాడమన్న కేక వినిపిస్తే పరుగు ఆపి, ఆకుల చాటునా, పైన చూరు పక్కనా, వెనక్కి నాలుగడుగులు వేసి మరీ చూడు. మొదటి గది నీ అంతట నువ్వే కనిపెట్టిన రోజున, అది ఎక్కడ దొరికిందో నాకు రాయి.