రేటు టేబుల్ మార్చిన ప్రతిసారీ పాత పాలసీల లెక్క తప్పుతోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న చదవగానే 2022 జూన్ గుర్తొచ్చిందండి. కొత్త ప్రీమియం రేట్లు రాగానే ఎక్సెల్‌లోంచి తీసి టేబుల్‌లో పాత అంకె మీద కొత్త అంకె ఎక్కిస్తున్నామని, కొత్త పాలసీలు సరిగ్గానే వస్తున్నా పాతవాటికి ఎండార్స్‌మెంట్ (ఇచ్చేసిన పాలసీలో తర్వాత చేసే మార్పు) వేస్తే తేడా కొడుతోందని రాశారు. మేమూ అచ్చం అదే చేశాం. హైదరాబాద్‌లో కూర్చుని ఓ జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీకి మోటార్ రేటింగ్, అంటే బండ్ల పాలసీల ప్రీమియం లెక్క చూసే టీమ్ మాది. కంపెనీ పేరు వద్దులెండి.

థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి) ప్రీమియం కంపెనీల చేతిలో ఉండదు, ప్రభుత్వమే నోటిఫై చేస్తుంది. 2019 జూన్ 16న అమల్లోకి వచ్చిన రేట్లు కోవిడ్ పుణ్యమా అని దాదాపు మూడేళ్ళు కదల్లేదు. 2022 మే 25న నోటిఫికేషన్, జూన్ 1 నుంచి అమలు. చేతిలో వారం రోజులు. 2019లో ఈ పని చేసినవాళ్ళు అప్పటికే ఉద్యోగాలు మారిపోయారు. ఒక అప్‌డేట్ క్వెరీ రాసి, మే 31 రాత్రి రన్ చేసి, నాలుగు కొటేషన్లు తీసి చూసుకుని ఇళ్ళకు పోయాం.

పది రోజులు తిరక్కుండానే మొదటి ఫిర్యాదు వచ్చింది. ఒకాయన మే నెలలో బైక్ పాలసీ రెన్యూ చేసుకున్నాడు. బండి 160 సీసీ, పాలసీలో మాత్రం 75-150 సీసీ శ్లాబులో పడింది. సరిచేయమన్నాడు. మే రేట్ల ప్రకారం 752 కట్టాడు, 1,193 కట్టాలి, కాబట్టి తేడా 441, పైన 18% జీఎస్టీ. మన సిస్టమ్ ఏం చేసింది? కట్టిన 752ని పాలసీలోంచి తీసుకుంది, కట్టాల్సింది మాత్రం టేబుల్‌లోంచి తీసుకుంది. అక్కడ కొత్త రేటు 1,366 కూర్చుని ఉంది. 614 కట్టమంది. మేలో కొన్నదానికి జూన్ రేటేమిటని ఆయన అడిగితే కాల్ సెంటర్ దగ్గర జవాబు లేదు.

దీనికి రివర్సు కేసులూ ఉన్నాయి. 150-350లో పడ్డ బైకును 75-150కి దించితే 441 వాపసు ఇవ్వాలి, సిస్టమ్ 479 ఇచ్చింది. పెట్రోల్ టూవీలర్లలో 75-150 శ్లాబు ఒక్కటే ఆ ఏడాది 752 నుంచి 714కి తగ్గింది మరి. ఎక్కువ డబ్బు వెనక్కొచ్చినవాళ్ళు ఒక్కరూ ఫోన్ చేయలేదు. ఆడిటర్ చేశాడు.

కిరాణా కొట్లో అయితే ధరల బోర్డు తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు, నిన్న కొన్నవాడు నిన్నటి ధర గురించి మళ్ళీ రాడు. మన వ్యాపారంలో ఏళ్ళ తర్వాత కూడా వస్తాడు. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళు, కొత్త బైకుకు ఐదేళ్ళు థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి కదా. 2022 మేలో అమ్మిన కొత్త బైకు పాలసీ 2027 మే దాకా బతికే ఉంటుంది. అంతవరకు 2019 నాటి రేటు మీ టేబుల్‌లో ఉండి తీరాలి.

అందుకని మేం మొదట చేసిన పని, ఆ టేబుల్ మీద అప్‌డేట్, డిలీట్ హక్కులు అందరికీ తీసేయడం, మా లీడ్‌తో సహా. ఇప్పుడు కొత్త రేటు వస్తే కొత్త వరుస చేరుతుంది, పక్కన అమలు తేదీ ఉంటుంది. ముగింపు తేదీ పెట్టలేదు. మొదట్లో పెట్టాం, చాలా ఏడిపించింది. ఒకచోట 31 రాత్రి 11:59 అని, ఇంకోచోట ఒకటో తేదీ సున్నా గంటలని రాసుకుని మధ్యలో ఒక నిమిషం ఏ రేటూ లేకుండా పోయింది. పాలసీ తేదీకి ముందున్న, లేదా అదే రోజున్న అమలు తేదీల్లో చివరిది తీసుకుంటే చాలు. ఖాళీలు ఉండవు, ఒకదాని మీద ఒకటి ఎక్కవు.

దీంతో పాటు ఇంకో తేదీ కావాలి, ఆ వరుస సిస్టమ్‌లోకి ఎప్పుడు ఎక్కిందన్నది. అవసరమేమిటనుకుంటారేమో, మాకు జరిగిందే చెప్తాను. 1000 సీసీ లోపు కారుకు 2,094 బదులు ఎవరో 2,904 కొట్టారు. ఇద్దరు చూసి కూడా పట్టుకోలేదు, ఎందుకంటే 2,904 కూడా అదే నోటిఫికేషన్‌లో ఉంది, 30-65 కిలోవాట్ల ఎలక్ట్రిక్ కారుకు! పట్టుకునే లోపు కొన్ని పాలసీలు వెళ్ళిపోయాయి. తప్పు వరుసను అలాగే ఉంచి, అదే అమలు తేదీతో సవరణ వరుస చేర్చాం. ఎవరికి ఎక్కువ పడిందో, ఎంత వాపసు ఇవ్వాలో ఎక్కిన తేదీని బట్టి తేలింది. చెరిపేసి ఉంటే చీకట్లో వెతుక్కునేవాళ్ళం. ఆ తర్వాత నుంచి పాత రేటు, కొత్త రేటు, శాతం తేడా మూడూ పక్కపక్కన ఉన్న షీట్ మీదే సంతకాలు తీసుకుంటున్నాం. 2,072 నుంచి 2,904 అంటే 40% పెరుగుదల, నిద్రమత్తులో ఉన్నవాడికీ కనిపిస్తుంది.

ఏ తేదీని చూసి రేటు తీయాలన్నది మాత్రం మీరు నిర్ణయించకండి. కొటేషన్ ఇచ్చిన తేదీనా, డబ్బు కట్టిన తేదీనా, కవర్ మొదలయ్యే తేదీనా అన్నది అండర్‌రైటింగ్ వాళ్ళను (రిస్కు చూసి పాలసీ షరతులు తేల్చేవాళ్ళను) అడిగి మెయిల్‌లో రాయించుకోండి. రేటుకూ పన్నుకూ తేదీలు వేరుగా ఉండొచ్చు. 2025 సెప్టెంబర్ 22న వ్యక్తిగత హెల్త్ పాలసీలకు జీఎస్టీ ఎత్తేసినప్పుడు మా హెల్త్ టీమ్ ఇక్కడే తికమకపడింది. రెన్యువల్ ఆ తేదీ తర్వాత మొదలైనా, ఇన్‌వాయిస్, చెల్లింపు రెండూ అంతకు ముందే అయిపోతే పాత 18 శాతమే. పన్నును ప్రీమియం టేబుల్‌లో కలిపి పెట్టినవాళ్ళు ఆ వారం ఇళ్ళకు వెళ్ళలేదు.

ఎక్సెల్ గురించి ఒక మాట. బండి వయసు శ్లాబు 5-10 అని టైప్ చేస్తే అది తేదీగా మార్చేస్తుంది. లోడయ్యాక ఆ శ్లాబు బళ్ళకు రేటే దొరకదు. కింది హద్దు, పై హద్దు రెండు వేర్వేరు కాలమ్స్‌లో పెట్టండి. టెస్టింగ్‌లో సరిగ్గా 1000, 1500, 150, 350 సీసీలు తప్పనిసరిగా కొట్టి చూడండి, వెయ్యి సీసీ బండి కింది శ్లాబులోకే రావాలి. అన్నిటికంటే పనికొచ్చే టెస్టు ఇంకోటి: ఇష్యూ అయిపోయిన పాత పాలసీలు కొన్ని వందలు తీసుకుని కొత్త టేబుల్‌తో మళ్ళీ లెక్క కట్టించండి. ఒక్క పైసా కూడా మారకూడదు.

ఇక మీ దగ్గర పాత రేట్లు ఇప్పటికే చెరిగిపోయాయి కాబట్టి ముందు వాటిని వెనక్కి తెచ్చుకోవాలి. థర్డ్ పార్టీవి సులువే, నోటిఫికేషన్లలో ఉంటాయి. ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) రేట్లు, 2007లో అన్ని కంపెనీలకూ ఒకటే అయిన టారిఫ్ ఎత్తేశాక ఏ కంపెనీవి ఆ కంపెనీవే, కాబట్టి బ్యాకప్‌లు తవ్వాలి. అవి కూడా లేకపోతే ఇష్యూ చేసిన పాలసీల్లోంచి ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ), ప్రీమియం, డిస్కౌంట్లు తీసుకుని వెనక్కి లెక్క కట్టాలి. ఒక్కో శ్లాబుకు ఒకటి కాదు, కనీసం పది పాలసీలు తీసుకోండి. మేం మొదట ఒక్కోటే తీసుకుంటే, అందులో ఒకటి స్టాఫ్ డిస్కౌంట్ పాలసీ అని రెండు రోజుల తర్వాత తెలిసింది.