ఓమ్నీలో కాయిల్ మాటిమాటికీ పోతుంటే ముందు వైర్లు చూడండి

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో ఉంటున్నారు, కార్బురేటర్ ఉన్న పాత మారుతి ఓమ్నీ, దానికి ఎల్పీజీ కిట్ ఉంది. ఏడాదిలో మూడు ఇగ్నిషన్ కాయిల్స్ (బ్యాటరీ 12 వోల్టులని ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే వేల వోల్టులుగా మార్చేవి) పోయాయి. షెడ్డులో అడిగితే "మార్కెట్లో అంతా డూప్లికేట్ సరుకు సార్" అంటున్నారు. మూడోది ఒరిజినలే వేయించారు, అదీ పోయింది.

డూప్లికేట్ కాయిల్స్ ఉన్న మాట నిజమే. కానీ ఒరిజినల్ కూడా నిలవలేదంటే దాన్ని కాల్చేస్తున్నది బండిలో ఇంకెక్కడో ఉంది. అది దొరక్కుండా నాలుగోది కొనకండి.

నాదీ ఇదే బండి, ఇదే బాధ. చిత్తూరు నుంచి పలమనేరుకి సరుకు వేసుకుని వెళ్లేవాణ్ణి. బంగారుపాళ్యం దాటేదాకా ఏమీ ఉండదు. మొగిలి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే మిస్సింగ్, కాసేపటికి ఇంజిన్ ఆఫ్. సీటు ఎత్తి అరగంట చల్లారనిస్తే మళ్లీ స్టార్ట్ అయ్యేది. కొన్ని వారాలకి కాయిల్ పూర్తిగా పోయేది. కొత్తది వేస్తే మళ్లీ అదే కథ. ఎండాకాలంలో మరీ ఎక్కువ, అందుకే అందరూ వేడి మీదకే తోసేశారు. ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, వేడి ఉండేదే. కానీ అన్ని ఓమ్నీలకీ కాయిల్స్ పోవడం లేదు కదా!

చిత్తూరులో ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, కాయిల్ ముట్టుకోకుండా ముందు హెచ్‌టీ వైర్లు (కాయిల్ నుంచి ప్లగ్‌ల దాకా ఎక్కువ వోల్టేజీ మోసే లావు వైర్లు) పీకి మల్టీమీటర్ పెట్టాడు. ప్లగ్ వైర్లు కొన్ని వేల ఓమ్‌లు చూపించాయి, అది మామూలే, లోపల కార్బన్ ఉంటుంది. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి (ఒక్కో ప్లగ్‌కీ వంతులవారీగా కరెంటు పంచేది) వెళ్లే మధ్య వైరు మాత్రం ఏమీ చూపించలేదు, లోపల తెగిపోయింది. మరి బండి ఎలా నడిచింది? తెగినచోట కరెంటు దూకుతూ నడిచింది. ఆ దూకుడే కాయిల్‌కి దెబ్బ.

ఎందుకంటే కాయిల్ ఇంత వోల్టేజీ ఇవ్వాలని ముందే నిర్ణయించుకోదు. ప్లగ్ గ్యాప్‌లో నిప్పురవ్వ దూకేదాకా వోల్టేజీ పెరుగుతూ పోతుంది. అంతా బాగుంటే 10 వేల వోల్టుల చుట్టుపక్కలే పని అయిపోతుంది. దారిలో ఇంకో గ్యాప్ ఉంటే, ప్లగ్ అరిగి సందు పెరిగితే, 20 వేలు దాటి పైకి పోవాలి. బయట దారి లేకపోతే కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నే చీల్చుకుని దూకుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాం, సిలిండర్లో ప్రెషర్ పెరుగుతుంది, నిప్పురవ్వ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. దానికితోడు గ్యాస్ మీద పెట్రోల్ కంటే ఎక్కువే అడుగుతుంది. అందుకే ఊళ్లో బాగుండే బండి ఘాట్‌లో మొండికేస్తుంది. మీరు తిరుమల ఎక్కేటప్పుడు ఇలా అవుతోందేమో గమనించండి.

వైర్ల సెట్టు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, ప్లగ్‌లు కలిపి మార్పించాను. ప్లగ్ గ్యాప్ ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) 0.7 మిల్లీమీటర్లకి పెట్టారు. కార్బురేటర్ బండికి 0.7 నుంచి 0.8 దాకా ఉంటుంది, గ్యాస్ మీద నడిపేవాళ్లకి తక్కువ వైపు ఉంచడమే మంచిది. ఆ తర్వాత వేసిన కాయిల్ బండి అమ్మేదాకా ఉంది.

మీది కూడా వైరే అని చెప్పను. చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. బ్యాటరీలో నీళ్లు తొందరగా తగ్గిపోతున్నాయా? హెడ్‌లైట్ బల్బులు తరచూ పోతున్నాయా? అయితే డైనమో ఎక్కువ ఛార్జ్ ఇస్తోందేమో. ఇంజిన్ కాస్త రైజ్ చేసి బ్యాటరీ మీద మీటర్ పెడితే 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ సంగతి చూడాలి, లేకపోతే కాయిల్ ఒక్కటే కాదు, అన్నీ పోతాయి.

రెండోది, ఏ కాయిల్ వేశారన్నది. 12 వోల్టుల కాయిల్స్‌లో ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పోయే చుట్ట) 3 ఓమ్‌ల చుట్టుపక్కల ఉండేవి ఉన్నాయి, 1.5 ఓమ్‌ల దగ్గర ఉండేవీ ఉన్నాయి. రెండోరకం బ్యాలస్ట్ రెసిస్టర్‌తోనో (కాయిల్‌కి ముందు ఉండి కరెంటు తగ్గించేది), కరెంటుని అదుపు చేసే ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌తోనో వాడాలి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, షాపులో "ఓమ్నీకి పడుతుంది" అని ఇచ్చేస్తారు. పాయింట్లున్న (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటుని ఆపి వదిలే స్విచ్చు) బండికి రెసిస్టర్ లేకుండా 1.5 ఓమ్‌లది వేస్తే కరెంటు రెట్టింపు, వేడీ రెట్టింపు. పాయింట్లు కూడా కాలిపోతాయి. కొలిచేటప్పుడు మీటర్ వైర్లు రెండూ ఒకదానికొకటి తాకించి, వచ్చిన అంకెని కాయిల్ కొలతలోంచి తీసేయండి, ఇంత చిన్న కొలతలో ఆ తేడా ఎక్కువే.

కాయిల్ చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే బాగానే చూపించవచ్చు. బండి ఆగిన వెంటనే, వేడి మీదే కొలవండి. రాగి వేడెక్కితే ఓమ్‌లు పెరుగుతాయి, 3 ఉన్నది 3.7 అయితే కంగారు వద్దు. అసలేమీ చూపించకపోయినా, సగానికి పడిపోయినా కాయిల్ పోయినట్టే.

ఇంకోటి, ఇది చెబితే మెకానిక్‌లకి కోపం వస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో ప్లగ్ వైరూ పీకి ఏ సిలిండర్ పనిచేయట్లేదో చూడటం చాలాచోట్ల అలవాటు. వైరు గాల్లో ఉన్నంతసేపూ ఆ వోల్టేజీ అంతా కాయిల్ మీదే పడుతుంది. చూడాలంటే పీకిన వైరుకి పాత ప్లగ్ తగిలించి, ఆ ప్లగ్ బాడీని ఇంజిన్‌కి ఎర్త్ చేసి చూడమనండి. అలాగే ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి పాటలు వినకండి. పాయింట్లు మూసుకుని ఆగితే కాయిల్‌లోంచి కరెంటు ఆగకుండా పోతూనే ఉంటుంది.

మీటర్ లేకపోతే రాత్రి చీకట్లో సీటు ఎత్తి, న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ వేసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. వైర్ల మీద నీళ్లు సన్నగా స్ప్రే చేస్తే లీకున్నచోట నీలం మెరుపులు కనిపిస్తాయి. చెయ్యి మాత్రం పెట్టొద్దు, షాక్ గట్టిగానే కొడుతుంది. ఇంజిన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి లోపల పెన్సిల్ గీతలా నల్లటి చార ఉందేమో చూడండి, ఉంటే తుడిచి వాడొద్దు, మార్చేయండి.

ముందు మధ్య వైరు, తర్వాత ఛార్జింగ్ వోల్టేజీ, తర్వాత కాయిల్ ఓమ్‌లు కొలిచి ఇక్కడ రాయండి అన్నా. మీ డిస్ట్రిబ్యూటర్ పాయింట్లదా, ఎలక్ట్రానిక్‌దా అన్నది కూడా రాయండి. ఎలక్ట్రానిక్‌దైతే మాడ్యూల్ మీద కూడా నాకు అనుమానం ఉంది.