యూరప్ పాత పట్టణాల్లో కనిపించే పెద్ద గోతిక్ (మొనదేలిన కమానుల మధ్యయుగ శైలి) చర్చిలన్నీ కతీడ్రల్‌లేనా?

కాదు, బిషప్ పీఠం ఉన్న చర్చి మాత్రమే కతీడ్రల్. అది లేకపోతే ఎంత పెద్ద కట్టడమైనా కతీడ్రల్ కాదు. అలాంటివి చాలావరకు పారిష్ చర్చిలు, అంటే మన కతోలికులు విచారణ దేవాలయం అనేవి.

కతీడ్రల్ అన్న పేరు లాటిన్ 'కతెద్రా' నుంచి వచ్చింది. దాని అర్థం కుర్చీ, ఇక్కడ బిషప్ కూర్చునే ఆసనం. అంతే, ఎత్తుతో పని లేదు.

పోలెండ్‌లోని క్రాకోవ్‌నే తీసుకోండి. పాత ఊరి సంతమైదానం అంచున సెయింట్ మేరీ చర్చి ఎత్తులో తేడా ఉన్న రెండు గోపురాలతో నిలబడి ఉంటుంది. పొడవైనది సుమారు 80 మీటర్లు. లోపల శిల్పి వైట్ స్టోస్ 1477-1489 మధ్య చెక్కిన భారీ కొయ్య బలిపీఠం ఉంది. దాని ఖర్చు భరించింది రాజు కాదు, ఊరి జనమే. డబ్బున్న వర్తకుల ఊళ్లలో పారిష్ చర్చిలు అంత గొప్పగా లేచింది అందుకే. క్రాకోవ్ కతీడ్రల్ వేరే ఉంది, వావెల్ గుట్ట మీద.

చాలామంది పొరబడేది 'బసిలికా' అనే మాట దగ్గర. సెయింట్ మేరీకి ఆ పేరుంది కాబట్టి కతీడ్రలే అనుకుంటారు. అది పోప్ ఇచ్చే గౌరవ బిరుదు మాత్రమే. మన మెదక్ చర్చి కతీడ్రల్ అయిందీ ఎత్తు వల్ల కాదు, అక్కడ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) బిషప్ పీఠం ఉండటం వల్ల.